నాలుగ్గంటల బ్రాంచి

ఆపరేషన్ థియేటర్లో ఫోను మోగేసరికి అక్క చేతిలో కత్తెర ఉంది. సోమవారం పొద్దున పదకొండు కావస్తోంది. బల్ల మీద మత్తులో ఉన్నావిడకి నలభై రెండేళ్ళు, రొమ్ములో నిమ్మకాయంత గడ్డ. చుట్టూ కాస్త కండతో సహా గడ్డను మాత్రమే తీసి, అంచులు శుభ్రంగా ఉన్నాయో లేదో అప్పటికప్పుడు ల్యాబులో చూపించి, ఉంటే కుట్టేయాలి. మొత్తం తీసేయొద్దని ఆవిడ మరీ మరీ చెప్పి సంతకం పెట్టింది.

అక్క అంటే సర్జరీలో మూడో ఏడు చదువుతున్న పీజీ. జూనియర్లందరికీ అక్కే. ఎదురుగా పెద్దాయన, అంటే సర్జరీకి హెడ్డు, చేతులు కట్టుకుని చూస్తున్నాడు. గాయం అంచుల్ని కొక్కెంతో లాగి పట్టుకుని నిలబడ్డది ఫస్టు. హౌస్ సర్జన్. పీజీ ప్రవేశపరీక్షలో మొదటి ర్యాంకు వచ్చిన మర్నాటి నుంచి ఆస్పత్రంతా ఆమెను ఫస్టు అనే పిలుస్తోంది.

సిస్టర్ ఫోను విని, ఎవరి వైపూ చూడకుండా అంది. "పిల్లల క్రెష్ నుంచి. పాపకి నూట రెండు జ్వరమట. ఎవరైనా రావాలంటున్నారు."

అక్క తలెత్తలేదు. "మా ఆయనకి చెయ్యమనండి సిస్టర్, నంబరు వాళ్ళ దగ్గరే ఉంది" అని కత్తెర ముందుకు నడిపింది. ఆ చెయ్యి వణకలేదు, ఆగలేదు. ఒక అంగుళం దూరంలో ఉండి చూసిన ఫస్టుకి ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

విషయం అక్కడితో అయిపోవాలి. కాలేదు.

"ఎవరికి, జ్వరం?" అన్నాడు పెద్దాయన.

"మా పాపకి సార్."

"అయితే నీ మనసు ఇక్కడ లేదన్నమాట."

"ఉంది సార్."

"కత్తెర ఇటివ్వు."

ఇచ్చింది. ఆయన కత్తెరను పళ్ళెంలో పడేసి, కరెంటుతో కాల్చుతూ కోసే కాటరీ అందుకున్నాడు. ఆయనకి అలవాటైన పనిముట్టు అదే. సన్నగా పొగ లేచింది.

"నేను వెళ్ళనా సార్?" అడిగింది అక్క.

"వెళ్ళమన్నానా? నిలబడి చూడు."

అక్క గ్లౌజులున్న చేతులు రెండూ గుండెల మీద కట్టుకుని నిలబడింది. ఇరవై నిమిషాలు. కోయడానికి లేదు, పాప దగ్గరికి పోవడానికి లేదు. ఫస్టుకి ఒళ్ళు మండిపోయింది. కొక్కెం పట్టుకున్న చేతులకి మండే హక్కు కూడా లేదు కాబట్టి అవి మాత్రం కదలకుండా ఉన్నాయి.

గడ్డ బయటికొచ్చింది. పెద్దాయన దాన్ని స్టీలు పళ్ళెంలో వేసి, "ల్యాబుకి పరిగెత్తు ఫస్టూ" అన్నాడు.

పాథాలజీ ల్యాబు కింది అంతస్తులో ఉంది. అక్కడి డాక్టరుకి సర్జన్లు పెట్టిన పేరు నాలుగ్గంటల మేడమ్. రోజూ సరిగ్గా నాలుగింటికి సంచీ భుజాన వేసుకుని గేటు దాటుతుందని. క్యాన్సరైనా సరే నాలుగు లోపే రావాలని క్యాంటీన్లో జోకు. కళ్ళజోడుని తాడుతో మెడలో వేలాడేసుకుని ఉండే ఆవిడ, ఈ జోకు తన ముందే అన్నా నవ్వేది కాదు, కోప్పడేదీ కాదు.

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుని పళ్ళెంలోకి చూసింది. "దారాలేవి?"

కోసినవాళ్ళు ముక్క ఇచ్చే ముందు పైవైపు ఒక పొట్టి దారం, బయటివైపు ఒక పొడుగు దారం కుట్టి ఇవ్వాలి. అంచుల్లో ఎక్కడైనా జబ్బు మిగిలి ఉంటే, ఒంట్లో ఏ మూల ఇంకాస్త తీయాలో ఆ దారాలే చెప్తాయి. అవి లేకపోతే అది చిరునామా లేని ఉత్తరమే. ఎప్పుడూ ఆ దారాలు కుట్టేది అక్క. ఈ రోజు అక్క చేతులు కట్టుకుని నిలబడింది. పెద్దాయనకి గుర్తే లేదు.

"ఇదే పైవైపు మేడమ్. నాకు గుర్తుంది" అంది ఫస్టు, ముక్కను వేలితో చూపిస్తూ.

"నువ్వు కోశావా?"

"లేదు. పట్టుకున్నాను."

"గుర్తుందా, గుర్తున్నట్టుందా?"

ఫస్టు వేలు వెనక్కి తీసుకుంది. దారిలో మెట్లు దిగుతూ పళ్ళాన్ని ఎన్నిసార్లు అటూ ఇటూ తిప్పిందో తనకే తెలియదు.

మేడమ్ థియేటర్‌కి ఫోను చేసింది. అవతల గొంతు గదంతా వినపడింది. "ఆ పిల్ల ఉంది కదా, చెప్తుంది."

"కోసినవాళ్ళు చెప్పాలి సార్. వచ్చి చూపించండి."

"పేషెంటు మత్తులో ఉంది!"

"తెలుసు సార్. అందుకే త్వరగా రండి." ఫోను పెట్టేసింది.

పెద్దాయన వచ్చాడు. మాస్కు గడ్డం కింద వేలాడుతోంది. హెడ్డైన పదకొండేళ్ళలో ఆయన ఈ గదిలోకి రావడం ఇదే మొదటిసారేమో, ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు. ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. "ఇది పైవైపు." తిప్పాడు. "ఉండు... ఇది."

మేడమ్ పెన్ను కాగితానికి ఆనించలేదు. "రెండు చెప్పారు సార్. ఏది రాసుకోను?"

"ఇంత రాద్ధాంతం ఎందుకు? మొత్తం తీసేస్తే ఏ గొడవా ఉండదు."

"మీకు ఉండదు. లేచాక ఆవిడకి ఉంటుంది."

ఫస్టుకి ఎవరూ మాట్లాడమని చెప్పలేదు. అయినా మాట వచ్చేసింది. "మొదలుపెట్టింది అక్క మేడమ్. సగం అక్కే కోసింది."

"అయితే అక్కని పిలు."

అక్క వచ్చింది. ముక్కను అరచేతిలో పెట్టుకుని, కిటికీ వెలుతురులో ఒక్కసారి తిప్పింది. "మసి లేని అంచు నాది. నేను కత్తెరతో కోశాను. పైన మొదలుపెట్టి బయటివైపు దిగుతుంటే ఫోనొచ్చింది. నల్లగా ఉన్నదంతా సార్ కాల్చి కోసింది" అంది. ఆ మాటలో ఎత్తిపొడుపేమీ లేదు. సూదీ దారం తీసుకుని, పొట్టిదొకటి, పొడుగుదొకటి కుట్టి ఇచ్చింది. అర నిమిషం కూడా పట్టలేదు.

"మధ్యలో చెయ్యెందుకు మారింది?" అడిగింది మేడమ్.

పెద్దాయన గోడ మీది చార్టు చదవసాగాడు. అక్క చెప్పింది. మేడమ్ విని, "ఇప్పుడెంతుంది పాపకి?" అంది. పొద్దుట్నుంచి ఆ మాట అడిగిన మనిషి ఆవిడొక్కతే.

అంచులకి రంగులు పూసి, ముక్కను చలిలో గడ్డ కట్టించి, ఉల్లిపొరకన్నా పల్చగా కోసి, మైక్రోస్కోపు కింద పెట్టింది. తొందరపడలేదు. పెద్దాయన రెండుసార్లు గొంతు సవరించుకున్నా తల తిప్పలేదు. పావుగంటకి అంది. "కిందివైపు, లోపలి మూల, ఆ నల్లటి అంచులోనే. వేలి మందం ఇంకా తియ్యండి. మిగతా అంతా శుభ్రం. రొమ్ము ఉంచొచ్చు."

పెద్దాయన మాస్కు పైకి లాక్కుని థియేటర్‌కి వెళ్ళిపోయాడు.

మంగళవారం పొద్దున్నే థియేటర్ తలుపు మీద ఆ వారం ఆపరేషన్ల జాబితా అంటించి ఉంది. ఎవరు కోస్తారో, ఎవరు పట్టుకుంటారో పెద్దాయన స్వదస్తూరీతో రాస్తాడు. ఫస్టు పై నుంచి కింది దాకా చదివింది. మళ్ళీ చదివింది. అక్క పేరు ఎక్కడా లేదు.

పదింటికి పెద్దాయన ఫస్టుని గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. హౌస్ సర్జన్‌ని కూర్చోమనడం ఆ గదిలో చిన్న విషయం కాదు.

"ఎల్లుండి పీజీ బ్రాంచిలు ఎంచుకోవడం. పదకొండేళ్ళుగా ఈ కాలేజీలో మొదటి ర్యాంకు సర్జరీయే తీసుకుంటోంది. కుట్లకి నువ్వు వేసే ముళ్ళు చూశానమ్మా. ఎడం చేత్తో కూడా వేస్తున్నావు. అలాంటి చేతులు ఏ పదేళ్ళకో వస్తాయి."

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఆ మాటకి ఆమెకి సంతోషం కూడా కలిగింది, అదే ఆమెకి చిరాకు. హాస్టల్లో మంచం కోడుకి దారం కట్టి వందల ముళ్ళు వేసి నేర్చుకున్న చేతులవి.

"అక్క పేరు లిస్టులో లేదు సార్" అంది.

"పాపకి జ్వరం కదా. కాస్త విశ్రాంతి ఇచ్చాను."

"అక్క అడిగిందా సార్?"

పెద్దాయన పెన్నుకి మూత పెట్టాడు. "నీకు పెళ్ళయిందా?"

"లేదు సార్."

"మంచిది. ఓ మూడేళ్ళు అలాగే ఉండు." అని నవ్వాడు. తనూ నవ్వాలి కాబోలు. ఫస్టు లేచి నిలబడింది.

అక్క వార్డు చివర కట్లు కట్టే గదిలో ఉంది. మూడో ఏడు పీజీని మొదటి ఏడు వాళ్ళు చేసే పనిలో పడేశారు. ఒక ముసలాయన పాదం మీద పుండు కడుగుతూ, "పాపకి తగ్గింది. మా ఆయన సెలవు పెట్టాడు" అంది, అడగకముందే.

"మీరు ఊరుకున్నారా అక్కా?"

"ఊరుకోక? ఆర్నెల్లలో పరీక్ష. సంతకం పెట్టాల్సింది పెద్దాయన." దూది పారేసి కొత్తది తీసుకుంది. "నువ్వు రా. మనలాంటివాళ్ళు నలుగురు చేరితే తప్ప ఈ మనుషులు మారరు."

"మారేదాకా చేతులు కట్టుకుని నిలబడాలా?"

అక్కకి కోపం వచ్చింది. కట్టు బిగుసుకుంది, ముసలాయన అబ్బా అన్నాడు. "సారీ తాతా" అని వదులు చేసి, అంది. "నాకు సర్జరీ అంటే పిచ్చే. వాళ్ళు తలుపులోంచి తోస్తే కిటికీలోంచి దూరతాను. నా సంగతి వదిలెయ్. నీకుందా ఆ పిచ్చి?"

ఫస్టు ఆలోచించింది. ఇలాంటి ప్రశ్నకి జవాబు వెంటనే చెప్పకూడదని సోమవారం ల్యాబులో నేర్చుకుంది.

"ఇష్టమే అక్కా. పిచ్చి లేదు."

"మరి దేనికుంది పిచ్చి?"

"ఏమో. తెలుసుకునే తీరిక ఎప్పుడుంది?"

అక్క ఆమె మొహంలోకి చూసింది. "అయితే రాకు" అంది. కోపం పోయింది గొంతులో. "పిచ్చి లేనివాళ్ళని ఇది నమిలేస్తుంది."

బుధవారం మూడు ముప్పావుకి ఫస్టు ల్యాబుకెళ్ళేసరికి మేడమ్ గాజుపలకల్ని పెట్టెల్లో సర్దుతోంది. మైక్రోస్కోపుకి గుడ్డ కప్పింది. టీ గ్లాసు కడిగి బోర్లించింది. ఒక్క కాగితం కూడా బల్ల మీద మిగల్లేదు.

"మీరు నాలుగింటికి వెళ్ళిపోతారని అంటారు మేడమ్" అంది ఫస్టు. ఇంతకన్నా మర్యాదగా అడగడం ఎలాగో తెలియలేదు.

"ఏడున్నరకి వస్తానని అనరా? మీ పెద్దాయన అప్పటికి పళ్ళు తోముకుంటూ ఉంటాడు. నేను వచ్చేది ఎవరూ చూడరు, వెళ్ళేది మాత్రం అందరూ చూస్తారు."

"నాలుగు తర్వాత కేసు వస్తే?"

"వారానికొకరం చొప్పున ముగ్గురం వంతులేసుకున్నాం. నా వంతు వారం నేనుంటాను. మిగతా రెండు వారాలు ఈ ఆస్పత్రి కాలిపోతున్నా సరే, నీళ్ళు పోయాల్సింది వేరేవాళ్ళు." సంచీ భుజానికి తగిలించుకుంది. "ఇది తేలికైన బ్రాంచి అనుకుని వస్తే మాత్రం రాకు. నేను తప్పు చదివితే, అక్కడ పైన మంచి రొమ్ము పోతుంది, లేదా చెడ్డది మిగులుతుంది. మనిషి మొహం చూడకుండా మనిషి బతుకు చెప్పాలి. అలిసిన కళ్ళతో అది చదవకూడదు. అందుకే వెళ్తాను. పోనీ, వెళ్ళాలని ఉంటుంది కాబట్టి కూడా వెళ్తాను."

"ఇంటికెళ్ళి ఏం చేస్తారు మేడమ్?"

"అది నీకెందుకు?" అని మేడమ్ మొదటిసారి నవ్వి, తలుపు తాళం వేసింది.

హాస్టల్‌కి పోకుండా అదే ఊళ్ళో ఉన్న ఇంటికి ఫస్టు వెళ్ళేసరికి నాన్న అప్పుడే నిద్ర లేచాడు. రైలింజను నడిపి రెండేళ్ళ కింద రిటైరయ్యాడు. మధ్యాహ్నపు నిద్ర మాత్రం రిటైరవ్వలేదు. ఆ వేళకి అమ్మ ఇప్పటికీ గిన్నె చప్పుడు కానివ్వదు. ఎవరూ వద్దనకపోయినా ఆ ఇంట్లో అందరూ గుసగుసగానే మాట్లాడతారు.

"పాథాలజీ తీసుకుందామనుకుంటున్నా నాన్నా" అంది ఫస్టు, తనూ గుసగుసగానే.

"అంటే శవాలు కోసేదా?"

"కాదు. జబ్బేమిటో మైక్రోస్కోపులో చూసి చెప్పేది."

నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "సర్జనని అందరికీ చెప్పేశానే."

"చెప్పేముందు నన్నడగాల్సింది."

"ఫస్టు ర్యాంకు తెచ్చుకుని భూతద్దం డాక్టరువి అవుతావా? నలుగురిలో తలెత్తుకోవద్దూ? కష్టమంటే భయపడితే ఎలా? నేను చెయ్యలేదా ముప్పై ఏళ్ళు, రాత్రనకా పగలనకా? ఏమైపోయాను?"

కూర తరుగుతున్న అమ్మ కత్తిపీట దగ్గర్నుంచే అంది. "మీరేమీ అయిపోలేదు. దీనికి ఆరో క్లాసులో కళ్ళజోడు వచ్చింది. మీకెప్పుడు తెలిసింది?"

నాన్న వేళ్ళ మీద లెక్క వేసుకున్నాడు. "ఏడులో" అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన మాటే అది, ఆ ఇంట్లో చాలాసార్లు నవ్వారు కూడా. ఇవాళ నాన్న మొహం చూశాక నవ్వాలనిపించలేదు. ఆయన మీద జాలి వేసింది ఫస్టుకి. ఆ జాలి కోసం మనసు మార్చుకోకూడదని కూడా అప్పుడే గట్టిగా అనుకుంది.

నాన్న దుప్పటి మడత పెట్టి అన్నాడు. "సరే, నీ ఇష్టం. కానీ ఎందుకని వాళ్ళడిగితే రీసెర్చి మీద ఆసక్తి అని చెప్పు. ఇంటికి పోవాలని మాత్రం అనకు. నవ్వుతారు. బద్ధకస్తురాలని ముద్ర వేస్తారు."

ఆ సలహా బాగానే ఉంది. ఆ సాయంత్రం అద్దం ముందు రెండుసార్లు చెప్పి చూసుకుంది కూడా. పరిశోధన పట్ల ఆసక్తి. మాట నున్నగా ఉంది. ఎక్కడా పట్టుకోదు.

గురువారం పది గంటలకి హాలు నిండిపోయింది. వేదిక మీద పొడుగు బల్ల, మధ్యలో ప్రిన్సిపాలు, కుడివైపు పెద్దాయన, ఎడమవైపు గుమాస్తా రిజిస్టరుతో. అందరి ముందూ ఒకే ఒక మైకు. మేడమ్ బల్ల చివర కూర్చుని ఎవరి వైపూ చూడటం లేదు. అక్క వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉంది, కట్లు కట్టే గది నుంచి అలాగే వచ్చినట్టు ఆప్రాన్ మీద అయొడిన్ మరకతో.

"ఒకటో ర్యాంకు" అన్నాడు గుమాస్తా.

ఫస్టు వేదిక ముందుకు నడిచింది. గుమాస్తా అప్పటికే 'స' అనే అక్షరం రాసేశాడు. పదకొండేళ్ళ అలవాటు.

"పాథాలజీ" అంది.

గుమాస్తా పెన్ను ఆగింది. హాల్లో గుసగుస లేచింది. పెద్దాయన మైకు తన వైపు లాక్కున్నాడు.

"సరిగ్గా విను తల్లీ. నువ్వు ఒకటో ర్యాంకువి. సర్జరీ సీటు ఖాళీగానే ఉంది."

"విన్నాను సార్. పాథాలజీ."

ప్రిన్సిపాలు మంచి మనిషి. దారి చూపిద్దామనుకున్నాడు. "రీసెర్చి చేద్దామనేమో" అన్నాడు. గుమాస్తా ఆశగా తలెత్తాడు. నాన్న చెప్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క మాట, అందరూ తలూపుతారు, పెద్దాయన పరువు కూడా నిలబడుతుంది. వెనక గోడ దగ్గర అక్క చేతులు గుండెల మీద కట్టుకుని నిలబడి ఉంది.

"కాదు సార్. సాయంత్రాలు ఇంటికి వెళ్ళాలని."

హాలు ఒక్కసారిగా నవ్వింది. ముందు వరసలో ఎవడో "నాలుగ్గంటలకి" అని అరిచాడు. నవ్వు రెట్టింపయింది. ఫస్టు చెవులు కాలిపోయాయి. అయినా తల దించలేదు. తిరిగి నవ్విన వైపు ఒకసారి చూసి, మళ్ళీ బల్ల వైపు తిరిగింది.

"పేషెంట్ల ముందు కూడా ఇదే చెప్తావా?" అన్నాడు పెద్దాయన.

"చెప్తాను సార్. సోమవారం ఆపరేషన్లో తీసిన గడ్డకి పైవైపేదో చెప్పింది, పాప దగ్గరికి పోవాలనుకున్న అక్కే. ఆవిడ చెయ్యి మంచిదో కాదో ముక్క మీదే ఉంది. ఆవిణ్ణి కట్లు కట్టే గదికి పంపారు. నేను ఆ లిస్టులో పేరు రాయించుకోను."

నవ్వు సగంలో తెగింది. సోమవారం సంగతి తెలిసినవాళ్ళు తెలియనివాళ్ళకి చెప్పుకుంటున్న చప్పుడు వరసల వెంట పాకింది. ప్రిన్సిపాలు పెద్దాయన వైపు తిరిగి, "ఏమిటది?" అన్నాడు. పెద్దాయన మొహం ఎర్రబడింది. కానీ ఆయన ఓడిపోవడం అలవాటు లేని మనిషి. ముందుకు వంగి, హాలుని మళ్ళీ తనవైపు తిప్పుకోవడానికి తేలికైన గొంతుతో అడిగాడు.

"సరే ఫస్టూ. నాలుగింటికే ఇల్లు చేరి, అంత సాయంత్రం పెట్టుకుని ఏం చేస్తావు?"

మళ్ళీ కొందరు నవ్వారు, ఈసారి తక్కువమంది.

"తెలీదు సార్" అంది ఫస్టు. అది నిజం కాబట్టి గొంతు తడబడలేదు. "ఇంతవరకూ ఒక్క సాయంత్రం కూడా నా చేతికి రాలేదు. వస్తే తెలుస్తుంది. మీరేం చేస్తారు సార్, నాలుగింటికి ఇంటికెళ్తే?"

అది ఎదురు ప్రశ్నే. పొగరే. పెద్దాయన ఏదో చురకేయడానికి నోరు తెరిచాడు. ఆ చురక దొరకలేదు. ఆయన కళ్ళు ఎక్కడో ఆగిపోయాయి, ల్యాబులో ముక్కను తిప్పి తిప్పి చూసినప్పటిలాగే. నిజంగానే ఆలోచిస్తున్నాడని ఫస్టుకి అర్థమైంది.

"తెలీదు" అన్నాడు ఆయన, తనలో తాను, చాలా మెల్లిగా.

మైకు ఇంకా ఆయన ముందే ఉంది. ఆ మాట చివరి వరసదాకా వినపడింది.

ఈసారి ఎవరూ నవ్వలేదు. గుమాస్తా 'స' కొట్టేసి, పక్కన పాథాలజీ అని రాసి, రిజిస్టరు ఆమె వైపు తిప్పాడు. ఫస్టు సంతకం పెట్టింది.